తులాధారుడు అమ్మని సరుకు



పోయిన వీడియోలో మహాభారతం శాంతిపర్వంలోని తులాధారుడి కథ చెప్పుకున్నాం. ఇరవై నిమిషాల్లో కథైతే పట్టింది కానీ, అందులో నన్ను చాలా రోజులుగా వదలని ఒక చిన్న ముక్క మాత్రం పట్టలేదు. గబగబా నోటితో చెప్పేసి లైక్ కొట్టండి అనే విషయం కూడా కాదు అది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

వీడియో చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. జాజలి అని ఒక తపస్వి. అడవిలో కదలకుండా నిలబడి తపస్సు చేశాడు. ఎంత కదలకుండా అంటే, ఒక పిచ్చుకల జంట ఆయన జడల్లో గూడు కట్టేసింది. గుడ్లు పెట్టింది. పిల్లలయ్యాయి, రెక్కలొచ్చాయి, ఎగిరిపోయాయి. అప్పటిదాకా ఆయన కదల్లేదు. నెల గడిచినా పిట్టలు తిరిగి రాకపోయేసరికి, "ధర్మం అంటే ఏమిటో నేను సాధించేశాను" అనుకున్నాడు. అప్పుడు ఒక మాట వినిపించింది. కాశీలో తులాధారుడు అని ఒక వ్యాపారి ఉన్నాడు, ధర్మంలో నువ్వు ఆయనకి సాటిరావు, ఆయన కూడా ఇంత మాట అనడు అని. జాజలికి ఉక్రోషం వచ్చింది. వెతుక్కుంటూ కాశీ వెళ్ళాడు. వెళ్ళి చూస్తే తులాధారుడు కొట్లో కూర్చుని సరుకు అమ్ముతున్నాడు. చివరికి ఆ కొట్టాయనే ఈ తపస్వికి ధర్మం చెప్పాడు.

ఇక నేను చెప్పాలనుకున్న ముక్క. తులాధారుడు తన వ్యాపారం ఏమిటో జాజలికి వివరిస్తాడు. లక్క, సుగంధ ద్రవ్యాలు, రకరకాల రసాలు అమ్ముతాను అంటాడు. ఇతరుల దగ్గర కొని, మోసం లేకుండా అమ్ముతాను అంటాడు. ఆ జాబితా మధ్యలో, ఏమాత్రం గొంతు పెంచకుండా, ఒక మినహాయింపు చెప్తాడు. మద్యం తప్ప.

అంతే. దాని మీద ఉపన్యాసం ఏమీ లేదు. పెద్ద ఊరు, నాలుగు దిక్కుల నుంచి జనం వచ్చే చోటు. గిరాకీ ఉండే ఉంటుంది. రసాలు అమ్మే కొట్లో అది పక్క అరలో సర్దుకునే సరుకే. అయినా పెట్టలేదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మీలో చాలామందికి ఒక అలవాటు ఉంటుంది, నాకూ ఉంది. కొత్త ఊరు వెళ్తే "మూడు తరాలుగా ఇలాగే చేస్తున్నారట" అన్న చోటు వెతుక్కుని వెళ్తాం. వెలిసిపోయిన బోర్డు, చెక్క బల్లలు, గల్లాపెట్టె దగ్గర ఓ పెద్దాయన. "మా నాన్నగారి కాలం నుంచి ఇంతేనండీ, ఏమీ మార్చలేదు" అని ఆయన అంటే మనకు లోపల ఎక్కడో నెమ్మదిగా ఉంటుంది. ఎందుకని? ఫోన్ రెండేళ్ళకోసారి మార్చేవాళ్ళం, ఉద్యోగం మూడేళ్ళకోసారి మార్చేవాళ్ళం. మారని మనిషిని చూస్తే మనకెందుకు అంత ఊరట?

పాతది కాబట్టి అంటే సరిపోదు. మండలాఫీసు ఫైళ్ళ గది కూడా పాతదే, దాన్ని చూసి ఎవరికీ ఒళ్ళు పులకరించదు. పాతదనం కాకుండా ఇంకేదో ఉంది.

మా ఏరియాలో ఒక టిఫిన్ కొట్టు ఉంది. పొద్దున్న ఆరుకి తీస్తారు, పదీ పదిన్నరకి పిండి అయిపోతుంది, మూసేస్తారు. సాయంత్రం ఆ రోడ్డంతా జనమే, పక్క కొట్లన్నీ కిటకిట. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "బాబాయ్, సాయంత్రం కూడా పెట్టొచ్చు కదా?" అని. ఆయన పెనం మీద నీళ్ళు చల్లుతూ, "సాయంత్రానికి ఇంకో వాయి పిండి సరిగ్గా పులవదు బాబూ. సోడా ఉప్పేసి పులిసినట్టు చెయ్యాలి. అది మనవల్ల కాదు" అన్నాడు. మళ్ళీ దోసెలో పడిపోయాడు.

గమనించండి, ఆయన కాలానికి ఎదురు తిరిగిన మనిషేం కాదు. పిండి కరెంటు గ్రైండర్‌లోనే రుబ్బుతారు. డబ్బులు క్యూఆర్ కోడ్‌కే కొడతాం. రోలు, పొత్రం అంటూ నాటకాలేం లేవు. ఆయన పట్టుకున్నది ఒకే ఒక్క విషయం, పులవని పిండిని పులిసిందని చెప్పి అమ్మడు. అదే ఆయన మద్యం, ఆయన కొట్లో పెట్టని సరుకు.

నాకు అనిపించేది ఇదీ. మనల్ని లాగేది ఆ కొట్టు వయసు కాదు. అక్కడ డబ్బుకి లొంగని ఒక గీత కనిపిస్తుంది. మన చుట్టూ ఉన్న దాదాపు ప్రతి వస్తువూ, ప్రతి సర్వీసూ "మీకేం కావాలంటే అది" అంటుంటే, ఒకచోట ఒక మనిషి "అది మాత్రం కాదండీ" అంటాడు. ఆ 'కాదు' వినగానే, ఆయన 'అవును' అన్నవాటి మీద నమ్మకం కుదురుతుంది. అన్నిటికీ తలూపేవాడి మాట మీద నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ నెమ్మదికి గిరాకీ ఉందని మార్కెట్‌కీ తెలిసిపోయింది. సంప్రదాయమే ఇప్పుడు ట్రెండ్. నిన్నగాక మొన్న పెట్టిన కేఫ్‌లో ఇత్తడి చెంబులు వేలాడుతుంటాయి. సీసా మీద ఎద్దు గానుగ బొమ్మ ఉంటుంది, లోపలి నూనె ఏ మర నుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు. మరమగ్గం మీద వచ్చిన చీరకి చేనేత పేరు తగిలించి అమ్మడం ఎప్పటినుంచో ఉంది. దీన్ని ఆపడానికే 1985లో ఒక చట్టం చేశారు, కొన్ని రకాల బట్టలు చేమగ్గం మీదే నెయ్యాలని. మొదట 22 రకాలు కేటాయించారు, ఇప్పుడు మిగిలినవి 11. చట్టం ఉన్నా నకిలీ ఆగలేదు. కొనేటప్పుడు మనం చూసేది ఆ 'రూపు' ఉందా లేదా అనే. గీత ఎక్కడ గీశారు అని అడగం.

గీత అంటే ఏమిటో సరిగ్గా చూడాలంటే శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు సంగతి తెలుసుకోవాలి. గాంధీజీ మెచ్చిన బట్ట అని పేరుంది కదా, ఆ పేరు పక్కన పెట్టి పని చూడండి. కొండ పత్తి తెచ్చి చేత్తో చెత్త ఏరతారు. తర్వాత ఆ దూదిని దువ్వుతారు. దేంతో అనుకున్నారు? వాలుగ చేప దవడ ఎముకతో. అందులో సన్నగా, దగ్గర దగ్గరగా ఉండే పళ్ళు పోగు తెగకుండా నలుసుల్ని లాగేస్తాయి. ఆ తర్వాత చెక్క పలక మీద పత్తి పెట్టి ఇనప కడ్డీతో దొర్లిస్తే గింజ విడుతుంది. దూదిని విల్లుతో ఏకుతారు, ఏకులు చుట్టి ఎండిన అరటి పట్టలో జాగ్రత్త చేస్తారు. ("ఏకు మేకై కూచుంది" అంటాం చూశారా, ఆ ఏకు ఇదే. మెత్తటి దూది చుట్ట కాస్తా మేకులా తయారైందని. మనం వాడే సామెతల్లో సగం మనం ఎప్పుడూ చూడని పనుల్లోంచి వచ్చినవే.) అప్పుడు ఒకే కదురు ఉన్న రాట్నం మీద వడుకుతారు. ఈ వడికే పని చేసేది ఆడవాళ్ళే. నూలు 100 కౌంటు, అంతకుమించి కూడా వస్తుంది. 100 కౌంటు అంటే ఒక్క గ్రాము దూదిలోంచి 100 మీటర్లకు తగ్గకుండా దారం తియ్యడం. మీ అరచేతిలో ఒక గ్రాము దూది ఊహించుకోండి. ఊదితే ఎగిరిపోతుంది.

మన ఇళ్ళలో దీపానికి వత్తి చేసే అమ్మమ్మలకి ఈ పనిలో పదో వంతు తెలుసు. ఇప్పుడు మనకి ఆ పదో వంతూ అక్కర్లేదు, వత్తులు ప్యాకెట్లో వస్తున్నాయి. అందులో తప్పేం లేదు లెండి, దీపం పెట్టడమే గొప్ప అనుకునే రోజులు.

ఇంత చెప్పాక, చదివేవాళ్ళకి సహజంగా వచ్చే మాట "అబ్బ, ఎంత గొప్ప సంప్రదాయం! ఇది పోకూడదు." నేనూ ఆ మాట చాలాసార్లు అన్నాను. కానీ 'పోకూడదు' అంటే ఎవరు ఉండాలి? ఎవరి వీపు ఆ రాట్నం ముందు వంగి ఉండాలి?

2019–20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత కార్మికులు 35 లక్షల పైచిలుకు. అంతకుముందు 2009–10 గణనలో 43 లక్షలకు పైగా ఉన్నారు. పదేళ్ళలో ఎనిమిది లక్షల మంది తగ్గారు. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల మందికి నెలకి వచ్చేది 5,000 రూపాయల లోపే అని కూడా అదే గణనలో తేలింది. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో ఒక హాస్టల్ బెడ్ కూడా కష్టమే.

మా ఫ్రెండ్ ఒకడు, చీరాల వైపు నేత కుటుంబం వాడు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ళ నాన్నగారు ఇప్పటికీ నేస్తారు. ఒకరోజు మన ఛానెల్‌కి వాళ్ళ ఇల్లు షూట్ చేద్దామా అని అడిగాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అందరూ వస్తారు రా. మగ్గం బాగుంది అంటారు, నాడె చప్పుడు రికార్డ్ చేసుకుంటారు. గుంటలో కాళ్ళు పెట్టి నలభై ఏళ్ళు కూర్చున్న మోకాళ్ళు వీడియోలో పడవు కదా" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "నన్ను ఇక్కడికి పంపింది ఆ మగ్గమే. నువ్వు మగ్గం ఎక్కొద్దురా అని ఒట్టు వేయించుకున్నదీ ఆయనే. ఇప్పుడు చుట్టాలందరూ కులవృత్తి వదిలేశావని నన్నంటారు. ఇది అధర్మమా చెప్పు, నువ్వు పురాణాలు చెప్తావుగా."

నేను వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పగలిగే విషయమే అయితే ఇంత పోస్ట్ రాయక్కర్లేదు.

స్వధర్మం అనే మాట ఇలాంటి చోట చాలా తేలిగ్గా వాడేస్తారు. గీతలో ఆ మాట మూడో అధ్యాయంలో వస్తుంది, పద్దెనిమిదిలో మళ్ళీ వస్తుంది. కానీ ఎవరు ఎవరితో అన్నారో చూడండి. యుద్ధం మధ్యలో నిలబడిపోయిన అర్జునుడికి, నీ ధర్మం నువ్వు చూసుకో అన్నాడు కృష్ణుడు. పక్కింటివాడి స్వధర్మం ఏమిటో నువ్వు తేల్చి వాడిమీద రుద్దు అనలేదు. ఏసీ గదిలో కూర్చుని ఇంకొకరి కొడుకుని "నువ్వు మగ్గం వదలకూడదు" అనడానికి ఆ అధ్యాయాల్లో నాకు ఆధారం దొరకలేదు.

అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మిథిలలో మాంసం అమ్మే మనిషి. కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం తెలుసుకోవడానికి ఆయన దగ్గరికి వెళ్తాడు. వెళ్ళి, నీకు ఈ ఘోరమైన పని ఏమిటయ్యా అని బాధపడతాడు. వ్యాధుడు ఇది మా వంశంలో వస్తున్న పని అంటాడు. అంతవరకే మనం ఎక్కువగా చెప్పుకుంటాం. ఆ తర్వాత ఆయనే, నేను చేసే పని ఘోరమైనదే, అందులో సందేహం లేదు అని కూడా అంటాడు. తన వృత్తిని దేవుడిలా నెత్తిన పెట్టుకోలేదు. తాను చంపనని, ఇతరులు చంపింది అమ్ముతానని, తాను మాత్రం తిననని చెప్తాడు. చివరికి కౌశికుడిని లోపలికి తీసుకెళ్ళి చూపించింది కొట్టుని కాదు, తన తల్లిదండ్రులని. నా దేవతలు వీళ్ళు అన్నాడు. అంటే ఆయన గొప్పతనం తరతరాల వ్యాపారంలో లేదు. కష్టమైన, మచ్చ ఉన్న పని చేస్తూ కూడా ఎక్కడ గీత గీసుకున్నాడు, ఇంట్లో ఎలా బతికాడు, అందులో ఉంది.

తులాధారుడు ఇంకా సూటిగా మాట్లాడతాడు. లోకం చేస్తోంది కదా అని ధర్మాన్ని గుడ్డిగా అనుసరించొద్దు, కారణం చూసి అనుసరించు అన్నది ఆయన మాటల సారం. నాకు ఇది చాలా ఇష్టమైన చోటు. ఈ మాట రెండు వైపులా కోస్తుంది. అందరూ మారుతున్నారు కాబట్టి నేనూ మారతా అనేవాడికి వర్తిస్తుంది. మా తాత చేశాడు కాబట్టి నేనూ చేస్తా అనేవాడికీ అంతే వర్తిస్తుంది. టిఫిన్ కొట్టు బాబాయ్‌కి కారణం ఉంది, అడిగితే ఒక్క వాక్యంలో చెప్పాడు. కారణం అడిగితే "మా ఆచారం" తప్ప ఇంకేమీ చెప్పలేని కొట్టు ఉంటే, అది తులాధారుడి దారిలో లేదు. జాజలి దారిలో ఉంది.

జాజలి అనేసరికి, ఆయన తపస్సునే కాస్త ఆగి చూడాలి. ఆయన చేసిందల్లా కదలకపోవడం. పిట్టల మీద దయతోనే చేశాడు, దాన్ని తక్కువ చెయ్యను. కానీ కదలకుండా నిలబడటమే ధర్మం అనుకున్నాడు, అక్కడ దెబ్బతిన్నాడు. తులాధారుడి చేతిలో ఉన్నది త్రాసు. త్రాసు కదలకుండా ఉండదు. బరువు పడ్డప్పుడల్లా కదులుతుంది, ఊగుతుంది, మళ్ళీ సమానానికి వస్తుంది.

అలా కదులుతూ నిలబడినదానికి శ్రీకాళహస్తి కలంకారీని చూస్తాను నేను. కలంకారీ అన్న పేరే తర్వాత వచ్చింది, అక్కడివాళ్ళ పాత మాట 'వ్రాతపని'. ఒకప్పుడు ఇది గుళ్ళలో వేలాడదీసే పెద్ద పెద్ద గుడ్డల పని. రామాయణం, భారతం వరసలు వరసలుగా బొమ్మలు గీసి, కింద తెలుగులో కథ రాసేవారు. బట్టని కరక్కాయ కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు, పాలలోని జిడ్డు వల్ల రంగు పాకిపోదు. నల్ల రంగు కోసం తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం కలిపి నీళ్ళలో రోజుల తరబడి నానబెడతారు. వెదురు పుల్లకి ఉన్ని చుట్టిన కలంతో గీస్తారు. స్వర్ణముఖి పారే నీళ్ళలో ఉతుకుతారు. ఆదరణ తగ్గి ఈ పని దాదాపు చివరికొచ్చిన రోజుల్లో, 1950లలో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. ఆ తర్వాత వ్రాతపని గుడి గోడ దిగి చీర మీదికి, దుపట్టా మీదికి వచ్చింది. అపచారం అనుకునేవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉండే ఉంటారు. కానీ కలం వదల్లేదు, కరక్కాయ వదల్లేదు. వస్తువు మారింది, గీత మారలేదు. అచ్చం అలాగే కనిపించే ప్రింట్లు ఇవాళ ఎన్నో రెట్లు తక్కువ ధరకి దొరుకుతున్నాయి. వాటితో ధరలో పోటీ పడటం ఆ పనికి ఎప్పటికీ సాధ్యం కాదు. పడాలనుకున్న రోజు కలం పక్కన పెట్టెయ్యాలి.

అంటే 'కాదు' అనడానికి ఒక ఖరీదు ఉంది. ఆ ఖరీదు ఎవరు కడుతున్నారు అన్నదే నా అసలు ప్రశ్న. టిఫిన్ కొట్టు బాబాయ్ సాయంత్రం ఆదాయం వదులుకుని తానే కడుతున్నాడు, అది ఆయన ఇష్టం, ఆయనకి జరుగుబాటు ఉంది. రాట్నం ముందు కూర్చున్న ఆవిడ తక్కువ కూలి రూపంలో కడుతోంది. మా ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారు మోకాళ్ళతో కట్టారు. చూసి ఆనందించే మనం ఏం కడుతున్నాం? లైక్ కొడుతున్నాం. జాజలి జడల్లో హాయిగా పెరిగి ఎగిరిపోయిన పిచ్చుకలం మనం.

తిరుమలలో ఒక కథ చెప్తారు, మీకు తెలిసే ఉంటుంది. తొండమాన్ చక్రవర్తి రోజూ స్వామికి బంగారు పువ్వులు సమర్పించేవాడు. మర్నాడు చూస్తే వాటి చోట మట్టి పువ్వులు ఉండేవి. కుమ్మరి భీముడు అనే భక్తుడు, కుండలు చేసుకుంటూనే, చేతికి అంటిన మట్టితో పువ్వులు చేసి ఇంట్లోనే స్వామికి పెట్టుకునేవాడు, అవి ఇవి. ఈ కథలో భక్తి సంగతి అందరం చెప్పుకుంటాం. దాని పక్కనే ఉన్న ఇంకో విషయం గమనించారా? ఈ రోజుకీ స్వామి దగ్గరికి గడప దాటి వెళ్ళే నైవేద్యం కొత్త మట్టి ఓడులో పెట్టిన పెరుగన్నం. రోజూ కొత్తది. నిన్నటి ఓడు పనికిరాదు. అంటే, కుమ్మరి భక్తికి స్వామి మురిసిపోయి ఊరుకోలేదు, ఆ కుండకి నిత్యం గిరాకీ పెట్టుకున్నాడు! (ఇది నా చమత్కారం, ఆగమ శాస్త్రం అనుకోకండి.) నిజానికి మన దేశంలో ఎన్నో పనులు బతికింది ఇలాగే. గుడికి రోజూ కుండ కావాలి, పువ్వు కావాలి, ఉత్సవానికి గొడుగు కావాలి, కొత్త విగ్రహానికి కంచు పోసేవాడు కావాలి. గుడి సంప్రదాయాన్ని పొగడలేదు. కొన్నది, మళ్ళీ మళ్ళీ కొన్నది.

మనం సాధారణంగా చేసేది దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. జీవితంలో ఒకసారి పెళ్ళికి ఒక మంచి చీర కొంటాం, అదీ ఎగ్జిబిషన్ స్టాల్‌లో నేసినవాడి ఎదురుగా నిలబడి బేరం ఆడతాం. బ్రాండ్ షోరూమ్‌లో ధర అతికించి ఉంటే నోరెత్తం. షోరూమ్ అద్దె, ఏసీ, హీరోయిన్ ఫోటో, వీటి ఖర్చు న్యాయంగా తోస్తుంది. చేతి పని ఖర్చు మాత్రం తగ్గించదగ్గదిగా కనిపిస్తుంది. తులాధారుడి త్రాసు అందరి విషయంలోనూ సమానం అని మహాభారతం చెప్పినప్పుడు, ఆ మాట అమ్మేవాడికే అని మనం అనేసుకున్నాం. త్రాసుకి రెండో తట్ట ఉంటుంది కదా, అందులో పడేది కొనేవాడి డబ్బే.

అందరూ ఖరీదైనవే కొనాలని నేను అనడం లేదు. మొదటి ఉద్యోగంలో ఉన్నవాళ్ళు, ఇంటికి డబ్బు పంపేవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు, నాకు తెలుసు. చేతనైనంతలో, ఏడాదికి ఒక వస్తువు, ఒకే మనిషి దగ్గర, అడిగిన ధరకి. పొందూరు పంచె కావచ్చు, మీ వీధి చివర కుమ్మరి చేసిన కార్తీకమాసం ప్రమిదలు కావచ్చు. కుదరకపోతే కొనొద్దు. కానీ కొనకుండా, "ఇది పోకూడదు, వీళ్ళ పిల్లలు దీన్నే పట్టుకుని ఉండాలి" అనడం మాత్రం ఇంకొకరి ఉపవాసంతో మనం పుణ్యం సంపాదించుకోవాలనుకోవడమే.

మా ఫ్రెండ్ ప్రశ్నకి వద్దాం. కొన్నాళ్ళ తర్వాత వాడితో చెప్పాను. నువ్వు మగ్గం ఎక్కకపోవడం అధర్మం అని నాకు ఎక్కడా కనిపించలేదు, మీ నాన్న నేసిన బట్టకి సరైన ధర రాకుండా పోతుంటే చూస్తూ ఊరుకోవడం మాత్రం నాకైతే బాధగా ఉంటుంది అని. వాడు నవ్వి, "ధర చెప్పడం ఆయనకి చేతకాదు రా. ఎవరైనా మొహం చిన్నబుచ్చుకుంటే తగ్గించేస్తాడు" అన్నాడు.

ఇప్పుడు వాళ్ళ ఇంట్లో జరుగుతున్నది ఇది. గుంట మగ్గం తీసేసి స్టాండు మగ్గం వేయించారు, కాళ్ళు మడిచి గుంటలో దించక్కర్లేదు. పెద్దాయన మొదట ససేమిరా అన్నారట, మా నాన్న కూర్చున్న చోటు అని. నెల తర్వాత అలవాటుపడ్డారు. నూలు అదే, నేత అదే. నెలకి రెండు మూడు చీరలకి మించి ఒప్పుకోవడం లేదు. ఫోన్ నంబర్ కొడుకుది. ఆదివారాలు వాడే ఫోన్లు ఎత్తుతాడు. అవతలివాళ్ళు కొంచెం చూసి చెప్పండి అంటారు. వాడు చాలా మర్యాదగా, "లేదండీ, తగ్గదండీ" అంటాడు. వెనక నుంచి పెద్దాయన "పోనీలేరా, ఆ అమ్మాయికి పెళ్ళంట" అంటుంటారట. వీడు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "నాన్నా, నువ్వు నెయ్యి" అంటాడు.

ఆయన తర్వాత ఆ మగ్గం మీద ఎవరు కూర్చుంటారు అని అడిగితే వాడి దగ్గర సమాధానం లేదు. నా దగ్గరా లేదు.